చేతిపట్టీ లేకుండా జాతర వద్దు

జాతరకో పుష్కరాలకో వెళ్లినవారందరూ ఏదో ఒక గంటలో మైకులో ఆ ప్రకటన వినే ఉంటారు. ‘ఎర్రచొక్కా, నీలం నిక్కరు వేసుకున్న నాలుగేళ్ల బాబు మా దగ్గర ఉన్నాడు. తల్లిదండ్రులు ఎక్కడున్నా వెంటనే రావాలి.’ ఆ మాట చెవిన పడగానే ప్రతి తల్లీ ముందు తన బిడ్డ చేయి తడిమి చూసుకుంటుంది. మైకు పక్కన కూర్చోబెట్టిన పిల్లవాడు వెక్కివెక్కి ఏడుస్తుంటాడు. పేరడిగితే ‘చిన్నా’ అంటాడు. అమ్మ పేరేమిటంటే ‘అమ్మ’ అంటాడు. ఊరేదంటే ‘మా ఊరు’ అంటాడు. ఇంట్లో ఆ జవాబులకు ముద్దులు దొరుకుతాయి. లక్షల మంది మధ్య అవే జవాబులు ఆ పసివాణ్ని ఎవరికీ చెందనివాణ్ని చేస్తాయి.

ఇలాంటప్పుడు అందరూ ముందుగా అనే మాట ‘పిల్లల్ని చూసుకోవద్దూ?’ అని. ఈ మాట అన్యాయం. చంకలో ఒకరు, చేతికి ఒకరు, భుజాన సంచీతో క్యూలో కదిలే తల్లికి వెనకనుంచి ఒక్క తోపు చాలు, చేయి జారిపోవడానికి. పెద్దవాళ్లకు జనంలో ముఖాలు కనిపిస్తాయి. మూడడుగుల బిడ్డకు కనిపించేవి కాళ్లు, పంచెలు, చీర కుచ్చిళ్లు. అమ్మ చీర రంగే అనుకుని మరొకరి కొంగు పట్టుకుని నడిచిపోతుంది. ఇంద్రకీలాద్రిపై భవానీ దీక్షల విరమణ వేళ కొండంతా ఎరుపే. శబరిమల దారంతా నలుపే. అందరూ ఒకే రంగు కట్టినచోట నాన్నను పోల్చుకోవడం పసికళ్లకు సాధ్యమయ్యే పనేనా? లక్షల మందిని ఒకచోటికి రమ్మని పిలిచేవారే, ఆ రద్దీలో చేయి వీడిన బిడ్డకు పూచీ వహించాలి. ఈ విషయంలో రెండో మాటకు తావు లేదు.

ఇప్పుడు మన ఉత్సవాల్లో ఆ పూచీ అంతా చాలాచోట్ల ఒక్క మైకు మీదే ఉంది. డప్పులు, భక్తిపాటలు, బూరల మోతలో ఆ ప్రకటన సగం మందికి వినబడదు. వినబడినా అర్థం కాని వారుంటారు. మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరకు ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, ఒడిశాల నుంచీ ఆదివాసీ కుటుంబాలు వస్తాయి. కోయ, గోండి మాత్రమే తెలిసిన తల్లికి తెలుగు ప్రకటన ఏం చెబుతుంది? అంతకుమించిన ప్రమాదం మరొకటి ఉంది. బిడ్డ పేరు, వయసు, బట్టల రంగు అన్నీ మైకులో చెప్పేస్తే, దుర్బుద్ధితో వచ్చినవాడికి ఆ బిడ్డ తనవాడేనని చెప్పుకోవడానికి కావలసిన ఆనవాళ్లన్నీ మనమే అందించినట్టవుతుంది.

దీనికి దారి లేకపోలేదు. శబరిమల వెళ్లే పిల్లలకు పంబ వద్ద కేరళ పోలీసులు చేతిపట్టీలు కడతారు. పట్టీ మీది ఫోన్ నంబరే ఆ బిడ్డకు చిరునామా. మన అయ్యప్ప భక్తులు ఏటా అక్కడ చూసి వస్తున్న ఏర్పాటే ఇది. ప్రయాగలో 1946 మాఘమేళాలో దారితప్పిన ఒక వృద్ధురాలిని చూసి చలించిన రాజారాం తివారీ అనే యువకుడు, తప్పిపోయినవారి కోసం శిబిరం తెరిచారు. 2016లో కన్నుమూసేవరకూ మేళా తర్వాత మేళా ఆ సేవ సాగించారు. ఒక మనిషి పట్టుదల అంత పని చేసినప్పుడు, పోలీసు, రెవెన్యూ, దేవాదాయ, శిశుసంక్షేమ శాఖలన్నీ చేతిలో ఉన్న ప్రభుత్వాలకు ఇది భారమెలా అవుతుంది?

చట్టానికీ కొరత లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, తప్పిపోయినట్టు కనిపించే బిడ్డ ఎవరి చేతికి వచ్చినా ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా పోలీసులకో, చైల్డ్‌లైన్‌కో, బాలల సంక్షేమ సమితికో, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికో తెలియజేయాలి. తెలియజేయకపోవడం నేరం. ఆరు నెలల వరకు జైలు గానీ, పదివేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. బిడ్డ కనిపించడం లేదని ఫిర్యాదు వస్తే అపహరణగానే భావించి కేసు నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013 మే నెలలోనే ఆదేశించింది. ‘ఒకరోజు చూసి రండి’ అని తల్లిదండ్రులను తిప్పిపంపే హక్కు ఏ స్టేషన్‌కూ లేదు. ఆ తొలి గంటలే అన్నిటికన్నా విలువైనవి.

2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. 2015 జులై 14న, పుష్కరాల తొలిరోజునే రాజమహేంద్రవరం పుష్కరఘాట్ తొక్కిసలాటలో కనీసం ఇరవై ఏడుమంది ప్రాణాలు పోయాయి. రద్దీని తక్కువ అంచనా వేస్తే ఏమవుతుందో ఆ ఉదయం చూపింది. ఘాట్లు, రోడ్లు, మరుగుదొడ్లతో సమానంగా పిల్లల భద్రతకూ ప్రత్యేక ప్రణాళిక, నిధులు, బాధ్యుడైన అధికారి ఉండాలి. ఒక్క పుష్కరాలకే కాదు, లక్షల మంది చేరే ఏ ఉత్సవానికైనా ఈ ఏర్పాట్లు లేకుంటే అనుమతి ఇవ్వకూడదు.

మొదటిది, బస్టాండు, రైల్వేస్టేషన్, పార్కింగ్ స్థలాల్లోనే పదేళ్లలోపు పిల్లలందరికీ ఉచితంగా చేతిపట్టీ కట్టాలి. నీళ్లలో తడిసినా చెరగని అక్షరాలుండాలి. పైకి కనిపించేలా పేరు రాయకూడదు. పేరు పెట్టి పిలిచిన అపరిచితుడిని పసివాళ్లు తెలిసినవాడే అనుకుంటారు. రెండు ఫోన్ నంబర్లు చాలు.

రెండోది, ప్రతి ఘాట్‌కూ, ప్రతి ప్రధాన ద్వారానికీ పిల్లల కేంద్రం ఉండాలి. దూరానికే కనిపించేలా ఎత్తున బొమ్మ గుర్తు, లోపల మహిళా పోలీసులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పొరుగు భాషలు తెలిసినవారు ఉండాలి. కేంద్రాలన్నిటికీ ఒకే కంట్రోల్‌రూంతో సంబంధముండాలి.

మూడోది, బిడ్డ కనిపించడం లేదన్న కబురు అందగానే మొదటి చూపు నీటి వైపు పోవాలి. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది నీటి వైపు ఆకర్షితులవుతారు, పిలిచినా పలకకపోవచ్చు. గజ ఈతగాళ్లకు ఆ క్షణమే కబురు చేరాలి. అదే సమయంలో బయటికి పోయే దారులపై నిఘా పెట్టాలి. 1981లో ఫ్లోరిడాలోని ఒక దుకాణంలో ఆరేళ్ల ఆడమ్ వాల్ష్ అపహరణకు గురై హతుడయ్యాక, బిడ్డ కనబడకపోతే తలుపుల వద్ద కాపలా పెట్టి వెతికే ‘కోడ్ ఆడమ్’ పద్ధతి అమెరికా దుకాణాల్లో మొదలైంది. మన మాల్స్‌కూ, ఎగ్జిబిషన్లకూ అదే నియమం పెట్టాలి.

నాలుగోది, అప్పగింతలో తొందర కూడదు. ఫోన్‌లో కుటుంబ ఫొటో, గుర్తింపు కార్డు చూడాలి, మైకులో చెప్పని ఆనవాలు ఒకటి అడగాలి, బిడ్డ వారిని చూసి ఎలా స్పందించిందో గమనించాలి. సంతకం తీసుకుని ఫొటో ఉంచుకోవాలి. ఎందరు తప్పిపోయారు, ఎందరు ఇల్లు చేరారు అన్న లెక్కను రోజూ ప్రజల ముందుంచాలి.

తల్లిదండ్రులు చేయగలిగిందీ ఉంది. బయల్దేరే ముందు ఆ రోజు వేసిన బట్టలతో బిడ్డను ఫొటో తీయండి. అన్నం తినిపిస్తూ పాటలా ఫోన్ నంబరు నేర్పండి. అమ్మానాన్నల అసలు పేర్లు చెప్పించండి. ‘కొత్తవాళ్లతో మాట్లాడొద్దు’ అన్న ఒక్క మాటతో ఆపితే, తప్పిపోయిన బిడ్డ సాయం అడగడానికీ భయపడుతుంది. ఎవరిని అడగాలో చూపించండి: యూనిఫాంలో ఉన్న పోలీసు, లేదా పిల్లలతో ఉన్న మరో అమ్మ. ‘మేం కనబడకపోతే ఎక్కడికీ పోవద్దు, ఉన్నచోటే నిలబడు, మేమే వస్తాం’ అని ఇంట్లో ఆటగా ఆడించి మరీ నేర్పండి.

దారిలో ఏడుస్తున్న బిడ్డను చూసి, తమనే అనుమానిస్తారన్న భయంతో పక్కకు తప్పుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. ఆ భయానికి కారణం లేకపోలేదు. 2018లో పిల్లల దొంగలంటూ వాట్సాప్‌లో పాకిన వదంతులు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకుల ప్రాణాలు తీశాయి. అయినా తప్పుకోకండి. బిడ్డను ఎత్తుకుని దూరం పోవద్దు. అక్కడే పక్కన కూర్చోండి, చుట్టుపక్కల నలుగురినీ పిలవండి, చైల్డ్‌లైన్ 1098కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయండి. పోలీసు వచ్చేదాకా ఆ చిన్ని చేయి వదలకండి.

గోదావరి తీరానికి చేయి పట్టుకుని వచ్చిన ప్రతి బిడ్డా ఆ చేయి పట్టుకునే ఇంటికి తిరిగి వెళ్లాలి. ఆ హామీ రెండు తెలుగు ప్రభుత్వాలూ ఇప్పుడే, రాతపూర్వకంగా, నిధులతో సహా ఇవ్వాలి.