ఫోనా? బంగారమా? పప్పుచారా?

ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవాళ్లకు ఈ ఊరు ఇప్పటికీ ‘రంగం’. ‘మా తాత రంగం వెళ్లాడు’ అంటే సముద్రం దాటి నాలుగు డబ్బులు సంపాదించడానికి వెళ్లాడని అర్థం. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు కొందరు ఇంకా యాంగోన్‌లోనే ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఈమధ్య పోట్లాటలు దేనిమీదో తెలుసా? రాజకీయాల మీద కాదు, అవి గట్టిగా మాట్లాడుకునే రోజులు కావివి. ఫోను మీద, ఖర్చు మీద, పొద్దున్నే కంచంలో ఏముండాలన్న దాని మీద.

“లక్షలు పోసి ఆ డబ్బా కొనడమేటిరా? అదే సొమ్ముతో ఇంత బంగారం కొనుక్కోరాదా?” అంటాడు తాత. “బంగారం చూపిస్తే ఎవడైనా ఉద్యోగమిస్తాడా తాతా?” అంటాడు మనవడు. అమ్మమ్మ ఇడ్లీ పెడతానంటుంది. మనవరాలు వీధి చివర మొహింగా తిని స్కూలుకి పోతానంటుంది. మధ్యలో విశాఖ నుంచి పెదనాన్న, డాలస్ నుంచి బావ ఫోన్లో తలో సలహా ఇస్తారు. ఎవరి సలహా వారికి ముద్దు!

దీన్ని తరాల అంతరం అని తేల్చేసి ఊరుకోవచ్చు. ఏ ఊళ్లో లేదు ఈ గొడవ, అనొచ్చు. నేను మాత్రం అలా అనుకోను. ఇక్కడ తాత దగ్గర ఒక లెక్క ఉంది, మనవడి దగ్గర ఇంకో లెక్క ఉంది. రెండూ నష్టపోయి నేర్చుకున్న లెక్కలే. అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోకుండా ఎవరి పక్షం వహించినా అన్యాయమే అవుతుంది.

తాత లెక్క

1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా జనం భారతీయులే. రేవులో మూటలు మోసిందీ, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిందీ చాలావరకు మన తెలుగువాళ్లే. కోరంగి రేవు పేరు మీద మనవాళ్లందరినీ ‘కోరంగీలు’ అనేవారు. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు ఊరి మీద బాంబులు వేశాయి. ఆ తర్వాతి నెలల్లో లక్షలమంది కొండలు, అడవులు దాటుకుంటూ నడిచి ఇండియా చేరారు. దారిలో ప్రాణాలు పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ నడకలో ఇల్లు వెంట రాలేదు, దుకాణం రాలేదు. నడుముకు కట్టుకున్నదే వచ్చింది.

యుద్ధం అయ్యాక మళ్లీ వచ్చినవాళ్లకు, ఇక్కడే ఉండిపోయినవాళ్లకు రెండో పాఠం 1964లో అయింది. నే విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసింది. అదే ఏడాది మే 17న 50, 100 చాట్ల నోట్లు చెల్లవంది. ఓడలెక్కి ఇండియాకు తిరిగొచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు అలా వచ్చిందే. ఉండిపోయినవాళ్లకు పాఠాలు ఆగలేదు. 1985లో మళ్లీ పెద్ద నోట్లు రద్దయ్యాయి, 75 చాట్ల నోటు వచ్చింది. 1987 సెప్టెంబర్‌లో ఆ 75 నోటూ పోయింది, 25, 35 నోట్లూ పోయాయి. ఈసారి మార్చుకునే అవకాశం కూడా ఇవ్వలేదు. వాటి స్థానంలో తొమ్మిదితో భాగించబడే 45, 90 నోట్లు వచ్చాయి. 2003లో ప్రైవేటు బ్యాంకుల ముందు జనం బారులు తీరారు. తమ డబ్బు తాము తీసుకోవడానికి కూడా పరిమితులు పెట్టారు.

ఇన్ని చూసినవాడికి కాగితం మీద నమ్మకం ఎలా ఉంటుంది చెప్పండి? ‘బంగారం కొనరా’ అనే తాత పాతకాలపు మనిషేం కాదు. తనకు జరిగిన అనుభవం నుంచే మాట్లాడుతున్నాడు. ఇక్కడి బంగారం తూకం మన తులం కంటే పెద్దది, 16 గ్రాములు దాటుతుంది. అందులో పదహారో వంతు కొని దాచుకునే ఇల్లాళ్లు బర్మా ఇళ్లలోనూ ఉన్నారు, మన ఇళ్లలోనూ ఉన్నారు.

మనవడి లెక్క

ఇక మనవడి సంగతి. 2000ల తొలి సంవత్సరాల్లో ఈ దేశంలో ఒక సిమ్ కార్డు వెల వెయ్యి డాలర్లు దాటింది. చదివింది నిజమే, ఫోను వెల కాదు, సిమ్ వెల! అప్పట్లో ఇంట్లో మొబైల్ ఉందంటే కారున్నట్టే లెక్క. 2013 ఏప్రిల్‌లో ప్రభుత్వ సంస్థ లాటరీ వేసి 1500 చాట్లకే సిమ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2014లో ఊరెడూ, టెలినార్ కంపెనీలు వచ్చాయి. అదే 1500 చాట్లకు, అంటే సుమారు డాలరున్నరకు, వీధి వీధినా సిమ్‌లు అమ్మాయి. తీగల ఫోనుగానీ, ఇంట్లో కంప్యూటర్‌గానీ ఎరగని కుటుంబం ఒక్క గెంతులో చేతి ఫోనుకు వచ్చేసింది.

ఇరవై ఏళ్ల కుర్రాడికి అందుకే ఫోను విలాసం కాదు. ఉద్యోగం కబురు అందులోనే వస్తుంది, జీతం అందులోనే పడుతుంది, దుకాణంలో డబ్బు కట్టేది దాంతోనే. కాలేజీ మూతపడిన రోజుల్లో పాఠం విన్నదీ అందులోనే. సిమ్‌కు వెయ్యి డాలర్లున్న రోజులు చూసిన తాతకేమో అది ఇంకా డాబుసరి వస్తువులాగే కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే వస్తువును చూస్తున్నారుగానీ ఇద్దరి మనసులో ఉన్న ధర వేరు.

2021 వచ్చి ఇద్దరినీ ఒకేసారి పరీక్షించింది. ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 4వ తేదీన ఫేస్‌బుక్ ఆపేశారు. బ్యాంకుల్లో నగదు దొరకలేదు. ఫోన్లోని డబ్బును చేతికి నోట్లుగా ఇవ్వడానికి ఏజెంట్లు నూటికి ఇంత అని కోసుకున్నారు. ‘చూశావా, నేను చెప్పలేదూ?’ అన్నాడు తాత. కానీ తాత ట్రంకుపెట్టెలో దాచిన నోట్ల సంగతేమిటి? 2021 మొదట్లో డాలరుకు సుమారు 1330 చాట్లు. 2022 ఆగస్టులో ప్రభుత్వం దాన్ని 2100 అని కట్టేసింది. 2024 ఆగస్టులో బయటి మార్కెట్లో అది 6000 దాటింది. తర్వాత కొంత దిగినా పాత విలువ మళ్లీ రాలేదు. ఫోన్లో చిక్కుకున్న డబ్బూ కరిగింది, పెట్టెలో భద్రంగా ఉన్న డబ్బూ కరిగింది. నిలిచింది బంగారమొక్కటే. పనికొచ్చింది ఫోను.

మరి తీర్పేమిటి?

అటూ ఇటూ చెప్పి తప్పుకుంటే కుదరదు కాబట్టి నా అభిప్రాయం చెప్పేస్తాను. ఫోను కొనే విషయంలో నేను కుర్రాడి పక్షం. దాచుకునే విషయంలో తాత పక్షం. ఈ రెంటినీ ఒకే సంచీలో వేసి పోట్లాడుకోవడమే అసలు చిక్కు.

ఫోను పనిముట్టు. వడ్రంగికి ఉలి ఎలాగో వీడికి ఇది అలాగ. పనిముట్టు కొనడానికి దుబారా అని పేరు పెట్టకూడదు. అయితే పనిముట్టుకు కావలసినంతే పెట్టాలి. కెమెరాలు నాలుగున్నాయనో, పక్కవాడు కొన్నాడనో అప్పు చేసి ఖరీదైనది కొంటే తాత తిట్టడంలో తప్పులేదు. రేపు అమ్మబోతే సగం రాదు. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లో, బ్యాటరీ బాగా నిలిచే మామూలు ఫోను, దానికి తోడు ఛార్జింగ్ పెట్టుకునే పవర్ బ్యాంకు ఉంటే ఎన్ని హంగులున్న ఫోనుకైనా అది తీసిపోదు.

దాచుకునే సొమ్ము దగ్గరికొస్తే, నోట్ల రూపంలో అవసరమైన నెల ఖర్చు మాత్రం ఉంచుకుని మిగిలింది కొంచెం కొంచెంగా బంగారం చేసుకోమంటున్న పెద్దల మాట వినాలి. ‘బంగారం తింటామా?’ అని కుర్రాళ్లు అడుగుతారు. తినం. కానీ తినడానికి కావలసింది రేపు కూడా కొనగలిగేలా చేసేది అదే. ఇందులో పెద్దలకూ ఒక మాట చెప్పాలి. అదే బంగారాన్ని పెళ్లిలో నలుగురికీ చూపించడానికి అప్పుతెచ్చి చేయిస్తే అది దాచుకోవడం కాదు. కుర్రాడి ఖరీదైన ఫోనుకూ ఆ వడ్డాణానికీ తేడా లేదు. రెండూ పక్కింటివాళ్ల కోసం కొన్నవే.

పరాయి ఊళ్ల నుంచి సలహాలు

ఇక మన ప్రవాస బంధువులకు ఒక విన్నపం. ‘వాట్సాప్‌లో వీడియో చేస్తే ఎత్తరేంటి? అంత గొప్పవాళ్లైపోయారా?’ అని నిష్ఠూరాలాడకండి. ఇక్కడ కొన్ని యాప్‌లు తెరవాలంటే వీపీఎన్ ఉండాలి. 2024 మధ్య నుంచి ఆ వీపీఎన్‌లనూ అడ్డుకోవడం మొదలైంది. 2025 జనవరి 1న తెచ్చిన సైబర్ భద్రత చట్టంలో అనుమతి లేని వీపీఎన్ సేవలకు శిక్షలు పెట్టారు. 2022 జనవరిలో కొత్త సిమ్ మీద 20,000 చాట్ల పన్ను వేశారు. డాలరున్నరకు దొరికిన సిమ్ మీద ఇంత పన్ను! ఇంటర్నెట్ ఖర్చు మీదా 15 శాతం పన్ను వేశారు. అరగంట వీడియో కాల్ అంటే మీకు లెక్కలోకి రాకపోవచ్చు, ఇక్కడ అది ఇంటి ఖర్చులో ఒక పద్దు. ఫోను ఎత్తకపోతే పొగరనుకోకుండా ఒక్క వాయిస్ మెసేజ్ పెట్టి ఊరుకోండి. వీలున్నప్పుడు వింటారు.

కంచంలో గొడవ

తిండి దగ్గర మాత్రం నేను ఎవరి పక్షమూ కాదు. ఎందుకంటే అక్కడ పోట్లాడుకోవడానికి నిజంగా ఏమీ లేదు.

‘ఆ ఙపి వాసన ఇంట్లోకి తేవద్దు’ అంటుంది అమ్మమ్మ. చేపలో, రొయ్యపొట్టో ఉప్పేసి పులియబెట్టిన ముద్ద అది. బర్మా వంటకు అదే ప్రాణం. సరే, ఎండు నెత్తళ్లు వేయిస్తే వచ్చే వాసన ఏమిటమ్మా మరి? శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లం, ఎండుచేపల మీద పెరిగినవాళ్లం మనమా ఙపిని చూసి ముక్కు మూసుకునేది? గొడ్డుమాంసం దగ్గర కూడా మనం ఒంటరివాళ్లమేమీ కాదు. దుక్కిటెద్దు రైతుకు అన్నం పెడుతుందని దాని మాంసం ముట్టని బర్మా బౌద్ధులు ఎంతోమంది ఉన్నారు. మనం అడక్కపోయినా వాళ్ల పండుగ భోజనంలో మన కంచానికి తగినవి దొరుకుతాయి. మన దోసె ‘తొషే’ అయి వాళ్ల టీ దుకాణాల్లోకి ఎప్పుడో చేరింది. మనవరాలు తినే మొహింగా చిక్కబడడానికి వేసేది శనగపిండే. ఇటునుంచి వెళ్లినవాళ్లు ఊరికే ఉన్నారా? మద్రాసు బర్మా బజారు దగ్గర ‘అత్తో’ అని నూడుల్స్ అమ్మేది ఇక్కడి నుంచి తిరిగి వెళ్లినవాళ్ల కుటుంబాలే. అక్కడికి వెళ్లినవాళ్లు బర్మా నూడుల్స్ వదల్లేదు, ఇక్కడ ఉండిపోయినవాళ్లు పప్పుచారు వదల్లేదు.

అమ్మమ్మ ఇడ్లీ వెనక ఇంకో కథ ఉంది. ఇండియాకు మినుములు పంపే దేశాల్లో బర్మా ముఖ్యమైనది. 2021లో రెండు ప్రభుత్వాలూ ఏడాదికి రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు చొప్పున అయిదేళ్లకు ఒప్పందం రాసుకున్నాయి. హైదరాబాద్ హోటల్లో మీరు తినే ఇడ్లీలో ఇక్కడి పొలం పంట ఉండొచ్చు. ఇక్కడి జనం మినుములు పెద్దగా తినరు, చాలావరకు ఎగుమతికే పోతాయి. కాబట్టి దాని ధర డాలరుతో నడుస్తుంది. చాట్ పడిపోయిన కొద్దీ ఇక్కడే పండిన పప్పు ఇక్కడివాళ్లకే ప్రియమవుతుంది. అమ్మమ్మ రోజూ వేసే ఇడ్లీ వారానికి రెండుసార్లయిందంటే మనవరాలి రుచి మారినందువల్ల మాత్రమే కాదు, పప్పు డబ్బా కూడా తేలికైనందువల్ల. ఇది తెలిస్తే ‘మన తిండి మరిచిపోతున్నారు’ అనే దెప్పుళ్లు సగం తగ్గుతాయి.

అసలు భయం

ఇవన్నీ చెప్పాక మిగిలేది ఒకటుంది. 2024 ఫిబ్రవరి 10న నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తెచ్చారు. 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లు, 18 నుంచి 27 ఏళ్ల ఆడపిల్లలు దాని పరిధిలోకి వస్తారు. అప్పటినుంచి బ్యాంకాక్‌కో, సింగపూర్‌కో, మలేషియాకో వెళ్లిపోయే దారి వెతకని కుర్రాడు అరుదు. తెలుగు ఇళ్లూ ఇందుకు మినహాయింపు కాదు. ఫోను కోసం మనవడు పట్టుబడుతున్నాడంటే ఎక్కడో ఒక కబురు కోసం చూస్తున్నాడన్నమాట. తాత వద్దంటున్నాడంటే ఆ కబురు వస్తుందేమోనని భయపడుతున్నాడన్నమాట. ఇద్దరూ ఆ మాట పైకి అనరు. ధర ఎక్కువా తక్కువా అని మాత్రం అరుచుకుంటారు.

అందుకే నా సలహా చిన్నది. ఈసారి ఫోను గురించి గొడవ వచ్చినప్పుడు ధర మాట కాసేపు పక్కన పెట్టి, ‘నువ్వు వెళ్తావా?’ అని తాత నేరుగా అడగాలి. మనవడు నేరుగా జవాబు చెప్పాలి. వెళ్లేటట్టయితే ఫోనూ కావాలి, నడుముకు కట్టుకునే బంగారమూ కావాలి, రెంటికీ ఇంట్లో ఉన్న డబ్బు ఎలా సర్దాలో ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోవచ్చు. వెళ్లకపోతే మామూలు ఫోను చాలు, అందులో అమ్మమ్మకు తెలుగు అక్షరాలు పెద్దవి చేసి పెడితే విశాఖ నుంచి వచ్చే సందేశాలు ఆవిడే చదువుకుంటుంది. పొద్దున ఎవరు ఏం తిన్నా, రాత్రి ఒక్క పూట అందరూ కలిసి కూర్చుని తింటే ఆ లెక్కకు వేళ కూడా దొరుకుతుంది.