నాలుగు సీట్ల విమానంలో ఫ్లైట్ మోడ్

ఎయిర్‌హోస్టెస్ ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టమంటే మనలో చాలామంది పెట్టం. ఏమీ కాదు కూడా. పెద్ద విమానాలని ముందే టెస్ట్ చేసి ఉంటారు. కానీ అదే ధైర్యంతో సెస్నా 172 లాంటి చిన్న విమానం ఎక్కడం మాత్రం తప్పు అంటాను నేను.

అందులో కూర్చుంటే పాత మారుతీ కారులో కూర్చున్నట్టే ఉంటుంది. జేబులో ఫోన్‌కీ, రేడియో వైర్లకీ మధ్య మూరెడు దూరం. "ఫ్రీక్వెన్సీలు వేరు కదరా" అంటారు మా ఈసీఈ ఫ్రెండ్స్. నిజమే, పైలట్ మాట్లాడే రేడియో 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది, ఫోన్ అంతకంటే చాలా పైన. మరి పాత నోకియాని టీవీ పక్కన పెడితే, కాల్ వచ్చే ముందు స్పీకర్లో టిక్‌టిక్ గర్ర్‌మని ఎందుకు వచ్చేది? 2జీ సిగ్నల్ సెకనుకి సుమారు 217 సార్లు ఆగి ఆగి వెళ్తుంది, ఆడియో వైర్లు దాన్ని పట్టేస్తాయి. హెడ్‌సెట్‌లో ఆ గోల మధ్య టవర్ చెప్పిన ఒక్క అంకె వినపడకపోతే చాలు. పైగా సిగ్నల్ సరిగ్గా అందకపోతే ఫోన్ ఇంకా పవర్ పెంచుతుంది.

2003 జూన్‌లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ దగ్గర, పొగమంచులో దిగుతూ ఒక పైపర్ చీఫ్‌టెన్ కూలిపోయింది. పది మందిలో ఎనిమిది మంది చనిపోయారు. చివరి నిమిషాల్లో పైలట్ సొంత ఫోన్ కాల్ కనెక్ట్ అయి ఉంది. అది పరికరాలని తప్పుదారి పట్టించి ఉండొచ్చని దర్యాప్తు చేసినవాళ్ళు అన్నారు, కానీ కచ్చితంగా తేల్చలేకపోయారు. మన భాషలో చెప్పాలంటే రీప్రొడ్యూస్ కాని బగ్. "నా లాప్‌టాప్‌లో పనిచేసింది" అనేవాడి కోడ్‌ని మనం నమ్ముతామా?

రేడియో తరంగాలే కాదు. ఫోన్ స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది. తీసుకెళ్ళి దిక్సూచి పక్కన పెడితే ముల్లు పక్కకి తిరుగుతుంది, ఫ్లైట్ మోడ్ దాన్ని ఆపలేదు. ఇక పైలట్ దృష్టి సంగతి. 2014లో అమెరికాలోని కొలరాడోలో ఒక సెస్నా 150 రాత్రిపూట కూలి ఇద్దరు పోయారు. తక్కువ ఎత్తులో ఎగురుతూ పైలట్ ఫోన్ వాడటం కూడా అందుకు తోడైందని దర్యాప్తులో రాశారు. అంతకుముందు ట్రిప్పుల్లో సెల్ఫీలు తీసుకోవడం కెమెరాలో దొరికింది.

అలాగని అన్నీ నిషేధించమనను. టాబ్లెట్‌లో మ్యాప్, జీపీఎస్ ఉండటం పైలట్‌కి ఎంతో సాయం. కానీ ఇక్కడ క్యాబిన్ క్రూ ఉండరు, చూసుకోవాల్సింది పైలటే. అమెరికా రూల్ కూడా, మబ్బుల్లో పరికరాల మీద ఆధారపడి ఎగిరే సొంత విమానాల్లో ఏ పరికరం వాడొచ్చో తేల్చుకునే బాధ్యత పైలట్‌కే వదిలేసింది. (ఎలక్ట్రిక్ షేవర్‌కి మాత్రం పేరు పెట్టి మరీ మినహాయింపు ఇచ్చింది, ఎందుకో!)

కాబట్టి తేల్చుకోవడం కూడా పద్ధతిగా చేయాలి. నేల మీద ఇంజన్ ఆన్ చేసి, ఒక్కో పరికరం వేస్తూ రేడియో వినాలి, దిక్సూచి చూడాలి. తర్వాత ఎండ బాగున్న రోజు పైన ఇంకోసారి. పాసింజర్ల ఫోన్లు ఇంజన్ స్టార్ట్ కాకముందే ఫ్లైట్ మోడ్‌లోకి. పవర్ బ్యాంక్ వేడెక్కితే చెయ్యి అందాలి, వెనక బ్యాగులో ఉండకూడదు. మా కజిన్ ఒకడు పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. కాక్‌పిట్ నుంచి వాడు రీల్ పెడితే నేను లైక్ కొట్టను, దిగాక ఫోన్ చేసి తిడతాను.