కంప్యూటరు ముందు ఒక గంట

జూన్, జూలై నెలలు వచ్చాయంటే ఏన్కూరు వంటి మండల కేంద్రాలలో మీసేవ దగ్గర, నెట్ సెంటర్ల దగ్గర జనం పెరుగుతారు. కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు, కాలేజీ ప్రవేశాలు, ఆ తరువాత ఉపకార వేతనాల దరఖాస్తులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తండా నుండో, అడవి అంచున ఉన్న గూడెం నుండో ఆటో ఎక్కి వచ్చిన తల్లిదండ్రులకు ఆ దినపు కూలి పోయినట్టే. కంప్యూటరు ముందు వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. సగం నింపిన దరఖాస్తు తెర మీదనుండి మాయమైతే మరుసటి దినం కూడా రావలసిందే. అది ఆఖరు తేదీ అయిన యెడల పిల్లకు ఆ సంవత్సరపు ఉపకార వేతనమే చేజారవచ్చు.

మన కుటుంబాలలో డిగ్రీ చదువుతూ, ఇలాంటి చోట్ల కూర్చొని పదిమందికి దరఖాస్తులు నింపి పెడుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. ఈ నెల మాటలు ముఖ్యంగా వారి కోసం. అయితే ఇంట్లో కంప్యూటరు ఉన్నవారికి కూడా ఇవి పనికివస్తాయి.

కంప్యూటరు దగ్గర కాలం ఎక్కడ పోతుందో గమనించారా? వేళ్లు నెమ్మదిగా ఆడడం వలన పోయేది కొంచెమే. ఒకసారి చేసిన పనిని మళ్లీ మొదటినుండి చేయడం వలననే ఎక్కువ పోతుంది. గనుక మేము వేగంగా టైపు చేసే ఉపాయాలకన్నా, రెండోసారి టైపు చేయనక్కరలేని ఉపాయాలే ఎక్కువ చెబుతాము.

మొదటిది దరఖాస్తు తెరవకముందే చేయవలసిన పని. విండోస్‌లో నోట్‌ప్యాడ్ అనే చిన్న సాధనం ఉంది. అందులో పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా, హాల్ టికెట్ నంబరు వరుసగా వ్రాసి పెట్టుకోండి. పదవ తరగతి మెమోలో ఉన్న అక్షరాలే వ్రాయాలి, నోటి లెక్కన కాదు. ఊరి పేరు విషయంలో మరీ జాగ్రత్త. ఏన్కూరు అనే పేరునే ఇంగ్లీషులో ఒకచోట రెండు 'ఓ'లతో, మరొకచోట 'యు'లతో వ్రాస్తున్నారు. పాత పత్రంలో ఒకటి, కొత్త దరఖాస్తులో ఒకటి పడితే పరిశీలించే అధికారి ప్రశ్న వేయవచ్చు, మళ్లీ ఒక తిరుగుడు. నోట్‌ప్యాడ్‌లో సరిచూసుకున్న మాటను దరఖాస్తులోకి కాపీ చేసుకుంటే ఆ బాధ లేదు. పైగా ప్రభుత్వ వెబ్‌సైట్లు చాలావరకు కొంతసేపు కదలిక లేకపోతే వాటంతట అవే మూసుకుంటాయి. అన్నీ చేతిలో ఉన్నవారు ఆ లోపల పని ముగించగలరు. సంచిలో మెమో కోసం వెదికేవారికి ఆ సమయం చాలదు.

ఈ కాపీ, పేస్టు అనే సదుపాయాన్ని 1970లలో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు రూపొందించారు. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో మరణించాడు. కంట్రోల్ పట్టుకొని సి కొడితే కాపీ, వి కొడితే పేస్టు అని అందరికీ తెలుసు. కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకొని వి కొడితే అక్షరాల రంగూ సైజూ రాకుండా వట్టి మాటలు మాత్రమే వస్తాయని తెలిసినవారు తక్కువ. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో ఇది బాగా పనిచేస్తుంది. వేరొకచోటినుండి తెచ్చిన మాటలను ఈమెయిల్‌లో అతికించి, తరువాత ఒక్కొక్క వరుసనూ సరిచేసే శ్రమ తప్పుతుంది.

దరఖాస్తులో ఒక గడినుండి మరో గడికి మౌస్‌తో వెళ్లనక్కరలేదు. ట్యాబ్ కొడితే ముందుకు, షిఫ్ట్‌తో ట్యాబ్ కొడితే వెనుకకు వెళ్తారు. జిల్లా, మండలం ఎంచుకొనే పొడవాటి జాబితా వచ్చినప్పుడు పైనుండి క్రిందికి జారుకుంటూ పోకుండా, ఆ పేరులోని మొదటి రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలు గబగబా కొట్టండి. చాలా జాబితాలు తిన్నగా ఆ పేరు దగ్గరకే తీసుకొనిపోతాయి.

పొరపాటున ట్యాబ్ మూసేశారా? కంగారుపడవద్దు. కంట్రోల్, షిఫ్ట్ పట్టుకొని టి కొట్టండి, మూసిన పేజీ తిరిగి తెరుచుకుంటుంది. నింపిన వివరాలు కూడా తిరిగి వస్తాయన్న హామీ మాత్రం లేదు. నోట్‌ప్యాడ్ ఉండాలని అందుకే మళ్లీ చెబుతున్నాము. ఒకప్పుడు క్రోమ్‌లో బ్యాక్‌స్పేస్ కొడితే వెనుక పేజీకి వెళ్లిపోయేది. అక్షరం చెరపబోయి దరఖాస్తునే పోగొట్టుకొన్నవారు ఎందరో ఉండడం వలన గూగుల్ 2016లో ఆ పద్ధతిని తీసివేసింది. ఇప్పుడు వెనుకకు వెళ్లడానికి ఆల్ట్ పట్టుకొని ఎడమ బాణం కొట్టాలి.

ఎఫ్5 సంగతి వేరు. బ్రౌజర్‌లో అది పేజీని మళ్లీ తెప్పిస్తుంది, గనుక నింపుతున్న దరఖాస్తు మీద దాన్ని కొట్టవద్దు. ఫీజు కట్టే పేజీ మీద అసలే వద్దు. తెర కదలడం లేదని రెండుసార్లు నొక్కితే రెండుసార్లు డబ్బు పోయే ప్రమాదం ఉంది. ముందు ఫోనుకు బ్యాంకు సందేశం వచ్చిందో లేదో చూడండి. అదే ఎఫ్5ను నోట్‌ప్యాడ్‌లో కొడితే ఆనాటి తేదీ, సమయం వచ్చి పడతాయి! ఏ దినం ఏ దరఖాస్తు పంపారో వ్రాసి పెట్టుకొనేవారికి అది చక్కని వసతి.

దరఖాస్తు పంపిన వెంటనే కంట్రోల్‌తో పి కొట్టి, ప్రింటరు పేరు అడిగేచోట పిడిఎఫ్‌గా భద్రపరచమని ఎంచుకోండి. కాగితం పోయినా రసీదు పోదు. ఎంపికైనవారి జాబితా వందల పేజీలు ఉన్నా కంట్రోల్‌తో ఎఫ్ కొట్టి హాల్ టికెట్ నంబరు వేస్తే క్షణంలో దొరుకుతుంది. స్కాన్ చేసిన బొమ్మల జాబితా అయితే దొరకదు, అక్కడ కళ్లే దిక్కు. పెద్దవారికి అక్షరాలు కనబడకపోతే కంట్రోల్‌తో ప్లస్ కొట్టండి, తరువాత కంట్రోల్‌తో సున్నా కొడితే మామూలు సైజుకు వస్తుంది.

ఇక తెలుగు టైపింగు. మా లెక్కలో కాలం అన్నిటికన్నా ఎక్కువగా పోయేది ఇక్కడే. పత్రికల వారు, ప్రెస్సుల వారు ఎన్నో ఏళ్లుగా అను ఫాంట్లకు అలవాటుపడ్డారు. ముద్రణకు అవి అందంగానే ఉంటాయి, కాదనము. కాని ఆ పాత పద్ధతిలో కంప్యూటరు లోపల నిలువ ఉండేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాలే. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనబడతాయి. ఈమెయిల్‌లో పనికిరాదు, పేరు వేసి వెదికితే దొరకదు. వినతిపత్రం ఒకచోట టైపు చేయించి, మరొకచోట మళ్లీ టైపు చేయించి రెండుసార్లు డబ్బు ఇచ్చేవారిని చూస్తూనే ఉన్నాము.

యూనికోడ్‌లో ఆ చిక్కు లేదు. 1991లో వచ్చిన దాని మొదటి సంచికలోనే తెలుగుకు చోటు దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పిలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉండేది. ఇప్పటి విండోస్‌లో, ఫోన్లలో తెలుగు ముందే సిద్ధంగా ఉంటుంది. విండోస్ సెట్టింగులలో తెలుగు భాషను చేర్చుకొంటే, విండోస్ కీ పట్టుకొని స్పేస్ కొట్టిన ప్రతిసారీ ఇంగ్లీషునుండి తెలుగుకు, తెలుగునుండి ఇంగ్లీషుకు మారవచ్చు. కీబోర్డులు రెండు రకాలు. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, నేర్చినవారి చేయి మాత్రం వేగం. రెండవది 2019 నుండి విండోస్ 10లో వచ్చిన ఫొనెటిక్. ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు కొడితే తెలుగు పడుతుంది. రోజూ టైపు చేసే బిడ్డలు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడమే మేలని మా అభిప్రాయం. నెలకు ఒక ఉత్తరం వ్రాసేవారికి ఫొనెటిక్ చాలు.

యూనికోడ్‌లో ఉంటే ఎంత కలిసివస్తుందో ఒక ఉదాహరణ. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినప్పుడు పొరుగున ఉన్న జూలూరుపాడు అటు వెళ్లింది, ఏన్కూరు ఖమ్మంలోనే ఉండిపోయింది. జూలూరుపాడు వైపు సభ్యులున్న పొదుపు సంఘానికో, సహకార సంఘానికో చెందిన వర్డ్ ఫైలులో రెండు వందల చిరునామాలు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటి దిద్దుతూ కూర్చోనక్కరలేదు. కంట్రోల్‌తో హెచ్ కొడితే పాత మాట ఏది, కొత్త మాట ఏది అని అడుగుతుంది. అయితే అన్నిటినీ ఒకేసారి మార్చే బటన్ మీదకు వెంటనే పోవద్దు సుమా! ఏన్కూరువారి చిరునామాలు అందులో కలిసి ఉంటే అవీ కొత్తగూడెం పోతాయి, "ఖమ్మంలో చదివెను" అన్న మాట కూడా మారిపోతుంది. ఒక్కొక్కదాన్ని చూపి అడిగే బటన్ పక్కనే ఉంది, దాన్ని వాడండి. తప్పు పడితే కంట్రోల్‌తో జెడ్ కొట్టండి, వెనుకటి స్థితి వస్తుంది.

కాలం కలిసివచ్చినట్టు కనబడి నష్టం తెచ్చే సదుపాయాలు కూడా ఉన్నాయి. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటారా అని బ్రౌజరు అడుగుతుంది. సొంత కంప్యూటరులో సరే. పదిమంది కూర్చొనే చోట మాత్రం వద్దనే చెప్పాలి. అక్కడ పని మొదలుపెట్టేటప్పుడే క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్ పట్టుకొని ఎన్ కొట్టి అజ్ఞాత కిటికీ తెరవండి. దాన్ని మూసేసరికి చూసిన పేజీల జాడ బ్రౌజరులో మిగలదు. కాని దించుకొన్న ఆధార్ ప్రతి, ఆదాయ పత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డరులో అలాగే ఉంటాయి! ఈ సంగతి చాలామందికి తెలియదు. వాటిని ఎంచి షిఫ్ట్‌తో డిలీట్ కొట్టండి. అప్పుడు చెత్తబుట్టలోకి కూడా చేరవు. విండోస్ కీ పట్టుకొని వి కొడితే ఇంతకు ముందు కాపీ చేసినవన్నీ చూపే వసతి కొన్ని కంప్యూటర్లలో ఆన్ చేసి ఉంటుంది. మీ ఆధార్ నంబరు మీ తరువాత కూర్చున్నవారికి కనబడకుండా అక్కడే ఉన్న బటన్‌తో అంతా తుడిచివేసి లేవండి.

ఫోనులోని పత్రాలను వాట్సాప్ వెబ్ ద్వారా కంప్యూటరులోకి తెచ్చేవారు ఇంకొకటి చూసుకోవాలి. కంప్యూటరు మూసినంత మాత్రాన ఆ బంధం తెగదు. ఫోనులో వాట్సాప్ తెరిచి, లింక్డ్ డివైసెస్ అన్నచోట ఆ కంప్యూటరు పేరును తొలగించండి. ఫోటోను మామూలుగా పంపితే వాట్సాప్ దాని సైజు తగ్గిస్తుంది, మెమో మీది సన్నని అక్షరాలు మసకబారుతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

ఎక్సెల్‌లో తేదీలు, హాజరు పట్టికలు, కూడికల సంగతి వచ్చే నెల వ్రాస్తాము. అంతవరకు ఈ కీలలో రెండో మూడో చేతికి అలవాటు చేసుకొని చూడండి.