కట్ట కింద ఉన్నవాళ్లను ఎవరడిగారు?

మా బడికి పైన, వాగు మలుపు దగ్గర ఒక మట్టికట్ట ఉంది. సర్కారు వేసింది కాదు, ఏ పొలానికీ నీళ్లిచ్చేది కాదు. పట్నం ఆసామి ఒకాయన ఆదివారాలు చుట్టాలతో వచ్చి పడవ తిప్పుకోవడానికి, గాలమేసి చేపలు పట్టుకోవడానికి వేయించుకున్నాడు. భూమి కాగితాల్లో మావాడి పేరు మీదే ఉంది. 1/70 చట్టం ఉన్నచోట అదెట్లా కుదిరిందో ఏజెన్సీలో పుట్టినవాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడు నా గొడవ భూమి గురించి కాదు, కట్ట గురించి.

కట్టకు అర కిలోమీటరు దిగువన మా బడి, దాని పక్కన గూడెం. పిల్లల్లో సగంమంది వాగు దాటే వస్తారు. కట్ట మీద సర్కారు తుమ్మలు మొలిచి తొడ లావయ్యాయి. పచ్చగా ఉందని ఆసామి మురిసిపోతాడు. చెట్టు వేరు కట్టలోకి దిగుతుంది, చెట్టు చచ్చాక ఆ వేరు కుళ్లి నీళ్లకు దారి అవుతుంది. ఎలుక బొరియ, ఎండ్రకాయ బొక్క, చెదపుట్ట కూడా అంతే. మా తాతల కాలంలో చెరువుకు నీరటి ఉండేవాడు. వాన పడితే రాత్రిపూట లాంతరు పట్టుకుని కట్ట వెనక వైపు నడిచేవాడు. ఊట తేటగా వస్తే చూస్తూ ఉండొచ్చు. బురదగా వస్తే కట్ట కడుపులో మట్టి కొట్టుకుపోతోందని, బుంగ పడబోతోందని ఊరిని లేపేవాడు. దీనికి ఇంజనీరింగు చదవనక్కర్లేదు, కాళ్లుండాలి, కట్ట కింద ఇల్లుండాలి. ఆసామి ఇల్లు హైదరాబాదులో ఉంది.

చేపలు కిందికి పోకుండా ఆయన అలుగుకు ఇనుప వల బిగించాడు. పోయిన వానాకాలం ఆకు, కంప, వెదురు ముక్కలు ఆ వలకు తట్టుకుని అలుగు పూడింది. నీళ్లు కట్ట అంచుకు జానెడు దూరానికి వచ్చాయి. మట్టికట్ట మీదుగా ఒకసారి నీళ్లు పొర్లాయంటే గంటల్లో కోసుకుపోతుంది. కాపలా మనిషి మావాడే. 'సారు ఫోనెత్తట్లేదు' అని ఏడుపు మొహం పెట్టాడు. గూడెం కుర్రాళ్లు నడుముకు తాడు కట్టుకుని దిగి వల కోశారు. మూడో రోజు ఆసామి వచ్చాడు. పోయిన చేపల ఖరీదు ఎవరిస్తారని అడిగాడు.

ఈ చేపల వల కథ కొత్తది కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా కొండల్లో సౌత్ ఫోర్క్ క్లబ్బు అని ఒకటి ఉండేది. ఆండ్రూ కార్నెగీ, హెన్రీ ఫ్రిక్ లాంటి కోటీశ్వరులు దానిలో సభ్యులు. పాత మట్టి ఆనకట్ట ఒకటి కొనుక్కుని వేసవి విహారానికి చెరువు చేసుకున్నారు. అడుగున నీళ్లు వదిలే ఇనుప గొట్టాలను అంతకుముందు యజమానే పీకి అమ్ముకున్నాడు, వీళ్లు మళ్లీ వేయలేదు. బగ్గీలు తిరగడానికి కట్ట ఎత్తు తగ్గించారు. చేపల కోసం అలుగుకు జాలీ పెట్టారు. 1889 మే 31న పెద్దవానకు జాలీ పూడింది, కట్ట తెగింది. దిగువన ఉక్కు కార్మికుల ఊరు జాన్స్‌టౌన్, చచ్చినవాళ్లు 2,209 మంది. కోర్టుల్లో అది దైవఘటన అయింది. క్లబ్బు నష్టపరిహారం కట్టలేదు.

సర్కారు కట్ట అయితే బాగుంటుందా అంటే, మనకు పెద్దవాగు ఉంది కదా. అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర 2024 జులై 18న ఆ కట్టకు గండి పడింది. మూడు గేట్లలో ఒకటి లేవలేదు. వరదలో చిక్కుకున్నవాళ్లను నారాయణపురం దగ్గర హెలికాప్టర్‌తో బయటికి తీశారు. నీళ్లు ఏలూరు జిల్లా వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్ల మీద పడ్డాయి. ఆ రెండూ మన ఖమ్మం జిల్లా మండలాలే, 2014లో పోలవరం కోసం ఆంధ్రలో కలిపారు. అప్పటి నుంచి కట్ట ఒక రాష్ట్రంలో, ఆయకట్టులో ఎక్కువ భాగం ఇంకో రాష్ట్రంలో. మరమ్మతు ఎవరిదనే మాట గోదావరి బోర్డు దాకా పోయింది. గేటుకు గ్రీజు పెట్టడానికి రెండు రాష్ట్రాలు, ఒక బోర్డు కావాలా?

పెద్దవాగుకైనా అడగడానికి ఆఫీసు ఉంది. ఆసామి కట్టకు అదీ లేదు. 2021 డ్యాముల భద్రత చట్టం వానకు ముందూ తర్వాతా యజమాని తనిఖీ చేయించాలంటుంది. కానీ అది 15 మీటర్లు దాటిన డ్యాములకు, 10 నుంచి 15 మధ్య ఉండి కొన్ని షరతులకు సరిపోయేవాటికి మాత్రమే. మా పైనున్నది రెండు తాటిచెట్ల ఎత్తు కూడా లేదు. చిన్న కట్ట కాబట్టి చిన్న ప్రమాదమని ఢిల్లీలో అనుకోవచ్చు. దాని కింద మూడో తరగతి పిల్ల నడుస్తుంటే అది చిన్నది కాదు.

టూరిజం వస్తే మీకే పని దొరుకుతుంది, మీకు అభివృద్ధి గిట్టదు అంటారు. దొరికిన పని చూశాం, ఒక కాపలా ఉద్యోగం. నా భూమిలో నా నీళ్లు అంటాడు ఆసామి. వాగు ఆయన భూమిలో పుట్టలేదు, అక్కడ ఆగిపోనూ పోదు. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించమంది. అంటే ఆ కట్ట ఉండాలో వద్దో, ఉంటే ఎట్లా ఉండాలో చెప్పే హక్కు మనది. మన గ్రామసభల్లో రేషన్ కార్డుల మాట తప్ప ఇది రాలేదంటే తప్పు మనది కూడా.

మే నెలలో జరిగే గ్రామసభలో నేను అడిగేవి ఇవి: అలుగు మీద వల ఉండకూడదు, కట్ట మీద చెట్లు కొట్టి వేళ్లతో సహా తీసి మట్టి దట్టించాలి, తూము తలుపు వానకు ముందు మా ఎదుట ఎత్తి చూపాలి, దాని తాళంచెవి గూడెంలో ఉండాలి. ఆసామి జీతమిచ్చి గూడెం మనిషిని నీరటిగా పెట్టాలి, అతను ఆసామికి కాదు, సభకు జవాబు చెప్పాలి. ఇవేవీ కుదరవంటే కట్టను పద్ధతిగా కోసి నీళ్లు వదిలేయాలి, వాగు వాగులా పోతుంది. తీర్మానం రాసి పెట్టాను. సంతకాలకు, వేలిముద్రలకు కింద రెండు పేజీలు ఖాళీ వదిలాను.