సాకరిన్ కంపెనీ మన పత్తి చేలోకి ఎలా వచ్చింది?

పత్తి రైతుకు మోన్‌శాంటో అంటే విత్తనాల కంపెనీ. 1901లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టినప్పుడు దానికి విత్తనంతో ఏ సంబంధమూ లేదు. మందుల వ్యాపారంలో పనిచేసే జాన్ క్వీనీ తన భార్య పుట్టింటి పేరు దానికి పెట్టాడు. మొదటి సరుకు సాకరిన్, అంటే చక్కెరకు బదులు వాడే తీపి పొడి. కోకా కోలాకు అమ్మి నిలదొక్కుకుంది. వియత్నాం అడవులపై అమెరికా సైన్యం చల్లిన ఏజెంట్ ఆరెంజ్ తయారుచేసిన కంపెనీల్లో ఇదీ ఒకటి. 1970లలో రౌండప్ కలుపు మందు తెచ్చింది, 1996లో ఆ మందును తట్టుకునే సోయా విత్తనం అమ్మింది. మందూ తనదే, విత్తనమూ తనదే!

2002లో మహికోతో కలిసి మన దేశంలోకి బీటీ పత్తిని దించింది. 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటిన రోజుల్లో అందులో 1,250 దాకా రాయల్టీయే. మరి ఎండలో నిలబడి పూలు క్రాసింగ్ చేయించిన సీడ్ రైతుకు ఎంత మిగిలిందో నంద్యాల, గద్వాల రైతులను అడగండి. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎం.ఆర్.టి.పి. కమిషన్‌కు ఎక్కాకే ప్యాకెట్ 750కి దిగింది. గట్టిగా అడిగితే తగ్గే ధర, అంతకుముందు నాలుగేళ్ళు ఎందుకు తగ్గలేదు?

పోనీ, పురుగైనా ఆగిందా? మొదటి రకం బీటీని గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు తట్టుకుంటోందని 2010లో కంపెనీయే ఒప్పుకుంది. రైతు కట్టిన రాయల్టీ మాత్రం వెనక్కి రాలేదు.

2018లో జర్మనీ కంపెనీ బేయర్ దాన్ని కొని, మోన్‌శాంటో పేరే తీసేసింది. పేర్లు మారుతూనే ఉంటాయి. అందుకే ప్రతి విత్తన ప్యాకెట్ మీద జన్యువు ఎవరిది, రాయల్టీ ఎంత అన్నది తెలుగులో అచ్చు వేయాలని మన సంఘం పట్టుబట్టాలి.