పుస్తకం లేకున్నా లెక్క తేలాలి

వనపర్తి, కొత్తకోట, పెబ్బేరు ప్రాంతాల్లో చాలా కిరాణా కొట్లకు ఉద్దెర ఖాతా ఒక్కటే ఆధారం. చిట్టా, ఆవర్జా ఉండవు. వేరుశనగ అమ్ముడుపోయాకే రైతుల బాకీలు వసూలవుతాయి. గల్లాపెట్టె నిండితే లాభమనీ, ఖాళీ అయితే నష్టమనీ వ్యాపారి అనుకుంటాడు. ఇది ప్రమాదకరం.

పుస్తకాలు లేకపోయినా లాభనష్టాలు తేల్చవచ్చు. కొట్లోని సరుకు, రావలసిన ఉద్దెర, నగదు, బ్యాంకు నిలువ కూడి, టోకు వర్తకుడికి ఇవ్వవలసిన బాకీ తీసివేస్తే మిగిలేది పెట్టుబడి. నిరుడు మార్చి 31న అది 1,50,000 రూపాయలు, ఈ ఏడు అదే తేదీన 1,60,000 అనుకుందాం. పెరిగింది 10,000. దానికి ఇంటికి వాడుకున్న డబ్బు, సరుకుల విలువ 96,000 కలపాలి. పంట అమ్మి కొట్లో పెట్టిన 40,000 తీసివేయాలి. అసలు లాభం 66,000. ఇంటి వాడకం మరిస్తే 30,000 నష్టం కనిపిస్తుంది. పంట సొమ్ము మరిస్తే లాభం 1,06,000 అనిపిస్తుంది. రెండూ తప్పే. సరుకుకు కొన్న ధర, అమ్ముడుపోయే ధరల్లో ఏది తక్కువైతే అది కట్టాలి. మొండి బాకీలను ఆస్తిగా చూపరాదు.

ఏటా 2 కోట్ల రూపాయల లోపు అమ్మకాలున్న వ్యాపారి, అమ్మకంలో కనీసం 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన దానిపై 6 శాతం లాభం చూపితే ఆదాయపు పన్ను చట్టం పుస్తకాలు అడగదు. కాని అన్నదమ్ముల పంపకాలకు ఆ శాతం పనికిరాదు. కొట్టు నిలుస్తుందా, మునుగుతుందా అన్నది కూడా అది చెప్పదు.

అమ్మకం, కొనుగోలు, ఇంటి వాడకం రోజూ ఒక నోటుబుక్కులో రాస్తే చాలు. ఈ పద్ధతిని చిన్న వ్యాపారులకు నేర్పేందుకు వర్తక సంఘాలు, బ్యాంకులు పూనుకోవాలి.