టీక్ ఎవరి మాట?

ఇంగ్లీషు మాటలకు గ్రీకు, లాటిన్. తెలుగు మాటలకు సంస్కృతం. మూలం ఏమిటని అడిగితే మన బళ్ళలో వచ్చే జవాబు ఇంతే. మరి కోయ మాటకు? అది ఉత్త యాస, లిపే లేదు, దానికి మూలమేమిటి అంటారు. అలా అనేవాళ్ళలో మన టీచర్లూ ఉన్నారు. మా పేచీ వాళ్ళతోనే.

మన అడవిలోని టేకునే తీసుకుందాం. ఇంగ్లీషులో టీక్. శాస్త్రనామం టెక్టోనా గ్రాండిస్. గ్రీకులో వడ్రంగిని టెక్టోన్ అంటారు కాబట్టి టీక్ కూడా గ్రీకే అని కొందరు తేల్చేస్తారు. చెట్టు మనది, పేరు గ్రీసుదట! ఇంగ్లీషు నిఘంటువులే ఆ మాట ఒప్పుకోవు. 1498లో పోర్చుగీసు ఓడలు కాలికట్ చేరాయి. మలబారు తీరంలో 'తేక్కు' అన్నదాన్ని వాళ్ళు 'తెకా' చేశారు. దాన్నే 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు టీక్ అన్నారు. సంస్కృతానికి ఇందులో వాటా లేదు. అక్కడ టేకు పేరు శాక.

ఇంగ్లీషు నిఘంటువు మలయాళం దగ్గర ఆగిపోతుంది. మనం ఆగనక్కర్లేదు. బరో, ఎమెనో కలిసి 1961లో అచ్చువేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు చూడండి. తమిళం, మలయాళం, కన్నడం, తెలుగు ఉన్న వరసలోనే కొలామి, పర్జి, గోండి మాటలూ ఉన్నాయి. మన కోయ గోండి గూటిదే. టేకు వాసాలతో ఇల్లు కట్టుకున్నవాడు దాని పేరు కోసం కాలికట్ వెళ్ళి ఉంటాడా?

1856లో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం రాస్తూ తమిళం, తెలుగులను సాగైన భాషలన్నాడు. గోండును సాగుకాని వాటిలో పడేశాడు. పోడు చేనును చూసి బంజరు అన్నట్టే ఉంది! ఆ తర్వాత చెట్టు వంతు వచ్చింది. భద్రాచలం అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు ఫారెస్టు అన్న మాటతో మన అడవిలోకి దిగింది. ఆ 'రిజర్వు' మాత్రం నికార్సైన లాటిన్. తీసి దాచిపెట్టుకోవడం అని అర్థం.

ఇవాళ టేకు దుంగ మోస్తే కేసు. మాట మోస్తే కేసు లేదు కదా, దాన్నెందుకు మనమే బడి గడప దగ్గర దించి వస్తున్నాం?

చెట్ల పాఠం వచ్చిన రోజు నల్లబల్ల మీద ఇంగ్లీషు, తెలుగు పక్కన మూడో గడి గీయండి. టేకు, ఇప్ప, తునికి, మద్ది, ఒక్కోదానికీ కోయ పేరు పిల్లలనే చెప్పమనండి. తెలుగు లిపిలోనే రాయండి. పిల్లలకు రాకపోతే గూడెంలోని అవ్వను బడికి పిలవండి. దీనికి పైనుంచి సర్క్యులర్ రానక్కర్లేదు.